ఐదో పేరు

కోపం వస్తే కొందరు పెళ్ళాన్ని తిడతారు, కొందరు గోడను గుద్దుతారు. నాకు కోపం వస్తే ఫూల్‌స్కేపు కాగితం తీసేవాణ్ణి. మద్రాసులో మా చూలై పేటలో వీధి కొళాయి ఎండిపోయినా, పక్కింటివాడు గోడను అరగజం ముందుకు జరిపినా, ఎవడి పింఛను ఎక్కడ ఇరుక్కున్నా జనం నా అరుగు ముందుకే వచ్చేవారు. గోవిందస్వామి నాయుడి చేతిరాత అంటే ఎగ్మూరు కోర్టు గుమాస్తాలు కూడా కళ్ళద్దాలు సర్దుకొని చూస్తారని పేరు. ఆ పేరు విని నేను మురిసిపోయిన మాట నిజం. ఇప్పుడు ఆ మురిపెం తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకు ఈ విద్య నేర్పిన మా మేనమామ ఒకటే చెప్పేవాడు. పేరుండాలి, తండ్రి పేరుండాలి, ఊరూ వీధీ ఉండాలి, సాక్షి ఉండాలి. ఇవి లేని అర్జీ తల లేని మొండెం. ముప్పై ఏళ్ళు ఆ మాటే వేదమనుకున్నాను. మద్రాసు మాకే దక్కాలని గొడవ జరిగిన రోజుల్లో ఢిల్లీకి పదకొండు అర్జీలు రాశాను. ఏ వీధిలో ఎన్ని తెలుగు ఇళ్ళున్నాయో ఇంటి యజమానుల పేర్లతో సహా రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. మనవాళ్ళు కర్నూలు పోయి గుడారాల్లో కుర్చీలు వేసుకున్నారు. కుర్చీలు దొరికాక మా సంగతి ఎవడికి కావాలి? మేము ఇక్కడే మిగిలాం. ఒళ్ళు మండింది కానీ ఎవరికీ వీసమెత్తు హాని జరగలేదు. అర్జీకి పట్టే అతి పెద్ద దుర్గతి చెత్తబుట్ట అని నేను నమ్మింది అందుకే.

తుర్సున్ మా ఇంటి వెనక పోర్షన్లో ఉండేవాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి. మౌంట్ రోడ్డులో ఒక కాశ్మీరీ కొట్టుకు చిరిగిన తివాచీలు రఫూ చేసి ఇచ్చేవాడు. అతను బాగుచేశాక చిరుగు ఎక్కడుండేదో కొట్టువాడు కూడా చూపించలేడు. వీధిలో అందరూ అతన్ని కాశ్మీరీ సాయిబు అనేవారు. నిజానికి అతనిది కాశ్మీరం దాటి, లడఖ్ దాటి, గుర్రాలు కూలిపడే కనుమలు దాటి వెళ్ళే యార్కండ్ అనే ఊరు. వాళ్ళు ఉయ్‌గుర్లు. వాళ్ళ దేశాన్ని చైనావాళ్ళు సింకియాంగ్ అంటారు, కొత్త సరిహద్దు అని అర్థమట. "మా ముత్తాతల సమాధులున్న చోటు వాళ్ళకి కొత్తది" అని తుర్సున్ నవ్వేవాడు. మా ఇద్దరి మధ్యా నడిచేది చూలై హిందుస్తానీ, సగం అరవం. ఇక్కడ తెలుగులో పెడుతున్నాను.

నలభై తొమ్మిదిలో సైన్యం వచ్చినప్పుడు ఒక బిడారుతో కలిసి అతను బయటపడ్డాడు. తల్లి, చెల్లెలు అక్కడే ఉండిపోయారు. తుర్సున్ అంటే 'నిలవనీ' అని అర్థమట, ముందు పుట్టిన బిడ్డలు పోతే పెట్టే పేరు. మాలో పెంటయ్య అని పెట్టమూ, అలాగే. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ నా భార్య తాయారు అతనికి రోజూ ఒక చెంబు మజ్జిగ పంపేది.

ఏడాదికొకసారి శ్రీనగర్‌లోని స్నేహితుడి ద్వారా అతనికి ఒక చిన్న పొట్లం వచ్చేది. అందులో ఉత్తరం ఉండదు. నల్ల గుడ్డ ముక్క ఒకటి, దాని మీద తెల్ల దారంతో బాదంకాయ ఆకారం కుట్టి ఉంటుంది. వాళ్ళ టోపీ నాలుగు ముక్కలు కలిపి కుట్టేది. చెల్లెలు హాజర్ ఏడాదికొక ముక్క పంపుతోంది. పేరు లేదు, రాత లేదు. ముక్క వచ్చిందంటే ఇంట్లో అందరూ బతికి ఉన్నట్టు. అప్పటికి మూడు వచ్చాయి. నాలుగోది వస్తే టోపీ కుట్టుకుంటానని ఎదురుచూస్తున్నాడు. ఆ ముక్కల్ని కొండలు దాటించి లడఖ్ దాకా చేర్చేవాడు కాదిర్ అనే గుర్రాలవాడు. ఆ పేరు తుర్సున్ ఒక్కసారే, టీ తాగుతూ, నోరుజారి చెప్పాడు. వెంటనే "మరిచిపో చాచా" అన్నాడు. నాకు పేర్లు మరుపుకు రావు. ఆ సంగతి కూడా గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

యాభై ఏడు జనవరిలో టి. నగర్ యతిరాజులు మా ఇంటికి వచ్చాడు. దూరపు బంధువు, డబ్బున్నవాడు, ఏ దేశం వాడు మద్రాసులో దిగినా మెడలో దండ వేయకపోతే అన్నం సయించనివాడు. తూర్పు దేశాల స్నేహ సమాజం అని ఒకటి పెట్టి దానికి అధ్యక్షుడయ్యాడు. చేతిలో పేపరు, ముఖమంతా పళ్ళు.

"ఏమప్పా గోవిందస్వామీ, మీ సాయిబు ఊరినించి పెద్దాయన వస్తాండాడు. చైనా వాళ్ళ బృందంలో ఈయనే ముఖ్యుడు. మేమే సన్మానం చేస్తాండాం. సన్మాన పత్రం నువ్వే దాన్ రాయాల."

పేపర్లో ఫోటో ఉంది. గుండ్రటి ముఖం, నాలుగు మూలల టోపీ. రెండేళ్ళ కిందట ఆ ప్రాంతానికి కొత్త పేరు పెట్టి, ఆ పేరులో ఉయ్‌గుర్ల పేరు కూడా చేర్చి, పెద్ద కుర్చీల్లో కొన్ని ఆ జాతివాళ్ళకే ఇచ్చారని కింద రాసి ఉంది. ఈయన అలాంటి కుర్చీలో కొత్తగా కూర్చున్నవాడు. నేను తుర్సున్‌ని పిలిచి ఫోటో చూపించాను. అతను సూది చేతిలోనే పట్టుకొని చాలాసేపు చూశాడు.

"వీళ్ళ నాన్న మా సందు చివర జోళ్ళు కుట్టేవాడు" అన్నాడు.

"ఇంకేం! మనవాడు కుర్చీలో ఉన్నాడు. మీ అమ్మను పంపించమని అడుగు" అన్నాను.

"కుర్చీలో ఉన్నది మావాడే చాచా. కుర్చీ ఎవరిదో నాకు తెలియదు. ఇతనికి ముందు కూర్చున్నవాడూ మావాడే. వాడేమయ్యాడో కూడా తెలియదు."

నాకు చిరాకు వేసింది. 'మనవాడు' అన్న మాట ఎంత బోలుదో మద్రాసు తెలుగువాడికి ఇంకొకరు చెప్పాలా? కర్నూలు వెళ్ళినవాళ్ళూ మనవాళ్ళే కదా! అయినా నాకు బుద్ధి రాలేదు. ఊళ్ళో మనవాడొకడు పదవిలో ఉంటే చాలు, పని అయినట్టే అనుకునే జబ్బు మన రక్తంలోనే ఉంది.

తుర్సున్ ఒక్కటే అన్నాడు. "అర్జీ వద్దు. దండ వేసేటప్పుడు చెవిలో ఒక్క మాట అడుగుతాను, మా అమ్మ ఎలా ఉందని."

"నోటిమాట గాలికి పోతుంది. రాతలో ఉంటే వాడు కాదనలేడు. నేను రాసిస్తాను, నువ్వు సంతకం పెట్టు."

రెండు రోజులు అతని వెంట పడ్డాను. అలా పడమని నన్నెవరూ అడగలేదు. నా కలానికి ఇంత పెద్ద అవకాశం మళ్ళీ రాదని నాకు ఆశ. ఆ నిజం ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. తల్లి పేరు ఒక్కటే చెప్తానన్నవాడి నోటినుంచి ఒక్కొక్కటే లాగాను. తల్లి తాజీఖాన్. చెల్లెలు హాజర్. చెల్లెలి భర్త ఇమిన్. మేనమామ రోజీ. ఏ వీధి, ఏ మసీదు పక్కన, ఇంటి తలుపు ఏ వైపు, ఎవరేం పని చేస్తారు, అన్నీ అడిగాను. ప్రతి పేరు దగ్గరా అతను ఆగి, ఇది వాళ్ళకెందుకని అడిగేవాడు. ప్రతిసారీ నేను కసిరేవాణ్ణి. "చిరునామా లేని అర్జీ చెత్తబుట్టకు పోతుంది, తెలుసా?"

చివరికి "సాక్షి ఎవరు?" అన్నాను.

"సాక్షి లేడు. సాక్షి వద్దు" అన్నాడు. అంత గట్టిగా అతను మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. సరే అన్నాను.

ఆ సాయంత్రం శుద్ధప్రతి రాస్తున్నాను. ఇంగ్లీషులో, నా గుండ్రటి అక్షరాలతో, నాలుగు పేర్లకు నాలుగు అంకెలు వేసి. అంతా ముత్యాల్లా వచ్చింది. అడుగున సాక్షి జాగా ఖాళీగా కనబడింది. ముప్పై ఏళ్ళలో నేను సాక్షి లేకుండా అర్జీ ఇవ్వలేదు. ఇంత చక్కటి కాగితం ఆ ఒక్క లోటుతో వికారంగా ఉందనిపించింది. అయిదు అంకె వేసి రాశాను: 'పై వారి క్షేమ సమాచారం ఏటేటా లడఖ్ వరకు చేరవేయుచున్న కాదిర్, యార్కండ్ వాసి, గుర్రాల బిడారు వృత్తి, ఈ విషయములన్నిటికీ సాక్షి.'

తుర్సున్‌కి ఇంగ్లీషు రాదు. చదివి వినిపించమన్నాడు. నాలుగు పేర్ల దాకా వినిపించాను. అయిదోది ఎందుకు వినిపించలేదు? వినిపిస్తే కొట్టేయమంటాడని తెలుసు కనుక. తెలిసే చేశాను. అతను సంతకం పెట్టాడు.

సన్మానం రోజున హాలు నిండిపోయింది. హిందీ చీనీ భాయీ భాయీ అని జనం అరుస్తున్నారు. యతిరాజులు మైకు పట్టుకొని, అతిథిది బుద్ధుడు నడిచిన దారి అన్నాడు. బుద్ధుడు ఆ దారిన ఎప్పుడు నడిచాడో ఆయనకే తెలియాలి. నేను రాసిన సన్మాన పత్రం చదివారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలో నేను ఉబ్బిపోయాను.

తుర్సున్ దండతో మెట్లెక్కాడు. దండ వేసి, తమ భాషలో ఏదో అన్నాడు. అతిథి ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఆగింది. తుర్సున్ ముఖాన్ని చూశాడు, గుర్తుపట్టాడనే నాకు అనిపించింది. అర్జీని రెండు చేతులతో, కళ్ళకు అద్దుకున్నంత పనిచేసి తీసుకున్నాడు. నా గుండె పొంగింది.

అతిథి పక్కన బూడిదరంగు కోటు వేసుకున్న మనిషి ఒకడు కూర్చున్నాడు. దుబాసీ అని యతిరాజులు చెప్పాడు. వాడు మాట్లాడలేదు, తల తిప్పి చూడనైనా లేదు. సభ వైపు చూస్తూనే చెయ్యి చాచాడు, అంతే. పెద్ద కుర్చీలో ఉన్న ఆ పెద్దమనిషి, మా ముఖ్య అతిథి, బడిపిల్లవాడు పలక అప్పగించినట్టు అర్జీని ఆ చేతిలో పెట్టాడు. వాడు దాన్ని తోలు సంచిలో పెట్టి బిగించాడు.

బస్సులో తుర్సున్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "చూశావా చాచా? కుర్చీ మావాడిది, సంచి వాడిది" అన్నాడు.

"నీకన్నీ అనుమానాలే" అని కసిరాను. అప్పుడు కూడా!

ఏటా వేసవిలో పొట్లం వచ్చేది. ఆ ఏడు వేసవి పోయింది, పొట్లం రాలేదు. టపా మనిషి సందు మొదట్లో సైకిలు దిగితే చాలు, తుర్సున్ పని వదిలి వాకిట్లోకి వచ్చేవాడు. టపా మనిషే మొదట తల అడ్డంగా ఊపడం నేర్చుకున్నాడు. కనుమలు మూసుకుపోయి ఉంటాయి, గుర్రం కుంటిదై ఉంటుంది అని నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఒకరోజు అయిదో పేరు సంగతి తాయారుతో చెప్పాను. ఆమె మజ్జిగ చిలుకుతూ ఆగిపోయింది.

"ఆయన వద్దన్న పేరు నువ్వెందుకు రాస్తివి?"

"అర్జీ నిలబడాలి గదా."

"మనిషి పొయినాక అర్జీ నిలబడితే ఏమి, పడితే ఏమి?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆగస్టులో యతిరాజులు వచ్చాడు. జనవరిలో ఉన్న పళ్ళన్నీ అలాగే ఉన్నాయి.

"చెప్తిని గదప్పా! జవాబు వచ్చిండాది! నీ అర్జీకి జవాబు! మా సమాజం పేరు మీద దాన్ వచ్చింది. ఢిల్లీకి రాస్తే రాదు గానీ చైనానించి వచ్చింది, చూడు!"

ఇంగ్లీషులో టైపు చేసిన ఒక్క కాగితం. పైన ఏ సర్కారు కచేరీ పేరూ లేదు, కింద సంతకం లేదు. నేను ఒంటరిగా చదువుకుందామనుకున్నాను. యతిరాజులు అప్పటికే తుర్సున్‌ని కేకవేశాడు. అతను తివాచీ దారాలు ఒళ్ళంతా అంటుకొని పరుగెత్తుకొచ్చాడు. ఇక తప్పక చదివాను, హిందుస్తానీలోకి మార్చి.

'మీ పత్రంలో ఒకటి నుంచి నాలుగు వరకు సూచించిన వ్యక్తులను గుర్తించడమైనది. నలుగురూ క్షేమముగా ఉన్నారు. తమకు విదేశములో కుమారుడు గాని, సోదరుడు గాని, మేనల్లుడు గాని లేడని నలుగురూ స్వయముగా వాంగ్మూలం ఇచ్చారు.'

తుర్సున్ నవ్వాడు. నేను నిర్ఘాంతపోయాను. నవ్వుతున్నవాడి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. "హాజర్ తెలివైనది. సరిగ్గా చెప్పింది. అలా చెప్పిందంటే బతికే ఉంది. అమ్మ చేత కూడా అదే చెప్పించింది. మంచిది. నేను లేను. మంచిది చాచా" అన్నాడు. తర్వాత, "ఇంకా ఏదో ఉంది కదా, చదువు" అన్నాడు.

కాగితంలో ఇంకా రెండే వాక్యాలున్నాయి. నేను కాగితం మడవబోయాను. యతిరాజులు లాక్కొని, తన టి. నగర్ హిందుస్తానీలో తనే గట్టిగా చదివాడు. 'అయిదవ వ్యక్తి విషయమై విడిగా విచారణ జరిగినది. వివరములు సమగ్రముగా ఇచ్చినందుకు కృతజ్ఞతలు.'

"వివరాలు సమగ్రంగా ఉండాయంట! నీ రాతకు దాన్ మెప్పు ఇది!" అని నా భుజం చరిచాడు.

తుర్సున్ నా వైపు తిరిగాడు. "అయిదో వ్యక్తా? నేను నాలుగే చెప్పాను కదా."

నా దగ్గర ప్రతి అర్జీకీ నకలు ఉంటుంది. అదొక అలవాటు, దాని గురించి కూడా గర్వమే. "నకలు తీసుకురా" అన్నాడు. తెచ్చాను. "అయిదోది చదువు" అన్నాడు. చదివాను. కాదిర్, యార్కండ్ వాసి, గుర్రాల బిడారు వృత్తి. నా గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

అతను నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొడతాడనే అనుకున్నాను, తల కూడా వంచాను. "మరిచిపొమ్మన్నాను కదా చాచా" అన్నాడు. అంతే. వెనక్కి వెళ్ళి సగం కుట్టిన తివాచీ ముందు కూర్చున్నాడు, సూది ముట్టలేదు. వారం తిరక్కుండా శ్రీనగర్ వెళ్ళిపోయాడు. లడఖ్ నుంచి దిగివచ్చే వాళ్ళెవరైనా కాదిర్ కబురు చెప్తారేమో చూస్తానన్నాడు. నేను స్టేషనుకు వస్తానంటే వద్దన్నాడు. తాయారు వెళ్ళింది.

నా ఢిల్లీ అర్జీలు పదకొండింటినీ ఎవడూ చదవలేదని ఇన్నేళ్ళూ శాపనార్థాలు పెట్టాను. ఇదొక్కటే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, వేలు పెట్టి ఎవరో చదివారు.

ఆ తర్వాత ఏడాది, యాభై ఎనిమిదిలో, యతిరాజులు మళ్ళీ మా అరుగెక్కాడు. చేతిలో మళ్ళీ పేపరు.

"పోయిన తూరి వచ్చినాయన ఇప్పుడు ఆ కుర్చీలో లేడంట. సొంత జాతి పిచ్చి ఎక్కువని దించేసినారంట. పోనీ, మనకెందుకు అదెల్లాం. ఆయన జాగాలో ఇంకొకాయన వచ్చిండాడు, ఆయన కూడా వాళ్ళ జాతోడే. వచ్చే నెల ఈడికి వస్తాడు. సన్మాన పత్రం రాయప్పా. ఆ సాయిబుకు కూడా జాబు రాయి, ఇంకొక అర్జీ ఇద్దాం. పోయిన తూరి ఎంత బాగా జవాబిచ్చినారు!"

నా ఒంట్లో రక్తమంతా తలకెక్కింది. జోళ్ళు కుట్టేవాడి కొడుకు కళ్ళకద్దుకున్నంత పనిచేసి కాగితం తీసుకోవడం గుర్తొచ్చింది. ఆ పాపం కూడా వాడి నెత్తిన వేశారేమో, ఎవడు చెప్తాడు? లేచి లోపలికి పోయి ఫూల్‌స్కేపు కాగితం తెచ్చాను. కలం సిరాలో ముంచాను.

"రాస్తా, యతిరాజులూ. ఈ తూరి అర్జీ నీ పేర్న రాస్తా. అర్జీదారుడివి నువ్వే. చెప్పు. నీ తండ్రి పేరు? నీ డోరు నంబరు? నీ పెండ్లాం పేరు? పెద్ద కూతురు ఏ ఊళ్ళో ఉండాది, అల్లుడు ఏం పని చేస్తాడు, ఇంటి వాకిలి ఏ పక్క? నీ కారు తోలేవాడి పేరేంది? వాడు మీ ఇంటి కబుర్లు ఎవరికి మోస్తాడు? అంతా చెప్పు. అంకెలేసి రాస్తా. సంతకం పెట్టు, తీసకపోయి ఆ తోలు సంచోడి చేతికిస్తా."

ముప్పై ఏళ్ళుగా తెలిసిన నన్ను ఎగాదిగా చూసి యతిరాజులు ఒక అడుగు వెనక్కి వేశాడు. మొదటిసారి ఆ పళ్ళు మూతపడ్డాయి.

"ఏందప్పా ఇది? నా ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ వాళ్ళకెందుకు?"

"తుర్సున్ కూడా ప్రతి పేరుకీ ఆగి ఇదే అడిగినాడు. నేను కసిరినాను."

యతిరాజులు గొడుగు తీసుకొని, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్లు దిగి పోయాడు. కాగితం అరుగు మీద అలాగే ఉంది. పైన 'అర్జీదారు' అని ఒక్క మాటే రాశాను. తాయారు వచ్చి దాన్ని తీసి, నాలుగు ముక్కలుగా చింపి, పొయ్యిలో వేసింది.